ఆరిందా చంకలో దొరగారు

ఆగస్టు 2

అత్తయ్య దిగారు. ట్రంకు పెట్టె, దిండు, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా, ఎప్పటిలాగే నా వంటింటి మీద ఒక చూపు. మరిది పెట్టె గుమ్మంలో దింపి, "ఇక మీ వంతు వదినా" అని నవ్వి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. జనవరి ఆఖరుదాకా మా వంతు. ఆ తర్వాత వాళ్లది. మావయ్యగారు పోయిన ఏడాది అన్నదమ్ములిద్దరూ కూర్చుని చేసుకున్న ఏర్పాటు ఇది. అప్పుడు ఆవిణ్ణి ఒక మాట అడిగారో లేదో నాకు తెలీదు.

వచ్చి గంట కాలేదు, గరిటెల డబ్బా పొయ్యి పక్కనుంచి కిటికీ దగ్గరికి మారింది. నేను కిమ్మనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ డైరీ కొన్నదే అందుకు. నోట్లోంచి రావలసినవి ఇందులోకి పోతే ఇంట్లో గొడవుండదు.

ఆయన పేపరు వెనక దాక్కున్నారు.

ఆగస్టు 9

ఆరిందా ఇవాళ కూడా తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చింది. ఆ పేరు నేను పెట్టిందే. ఐదో తరగతి పిల్ల, అరవయ్యేళ్ల మాటలు. నేను బోర్డు మీద డస్టర్‌తో కొడితే, "అంత కోపం తెచ్చుకోకండి టీచర్, ఒంటికి మంచిది కాదు" అంటుంది. తమ్ముడికి ఏడాది దాటింది. వాడు దొరగారు. వాడు గొంతెత్తితే క్లాసంతా పని ఆపేసి వాడి వైపు తిరగాల్సిందే మరి. ఈ పిల్లొక్కతే కాదు, ఈ చుట్టుపక్కల తల్లులంతా పొద్దున్నే పనుల్లోకి పోతారు కనక, నా క్లాసు ఆడపిల్లల్లో సగం మంది ఒళ్లో ఓ తమ్ముడో చెల్లెలో ఉంటారు.

హెడ్మాస్టారు పిలిచి, సోమవారం నుంచి పసిపిల్లలు బడిలో కనబడకూడదన్నారు. నాకూ సబబే అనిపించింది. క్లాసులో నిలబడి, "బడికి పుస్తకాలు తెచ్చుకోవాలి గాని తమ్ముళ్లను కాదు" అని చెప్పాను. ఆ వాక్యం నాకే నచ్చింది.

ఆగస్టు 12

ఆరిందా రాలేదు.

ఆగస్టు 13

రాలేదు. క్లాసు హాయిగా ఉంది. చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది. ఇన్నాళ్లకు ఓ పాఠం మొదలుపెట్టి పూర్తిచేశాను.

ఆగస్టు 16

రాలేదు. ఆడపిల్లల వైపు బెంచీలు బోసిపోయాయి. కష్టమైన లెక్క ఒకటి బోర్డు మీద వేసి, అలవాటుగా కిటికీ పక్క బెంచీ వైపు తిరిగాను. అక్కడెవరూ లేరు. మిగతా వాళ్లు నా వైపు, నేను వాళ్ల వైపు చూసుకుంటూ ఉండిపోయాం.

నాకేం దిగుల్లేదు. క్లాసులో మిగతా పిల్లలున్నారుగా.

ఆగస్టు 19

బడి అవగానే ఆరిందా ఇంటికి వెళ్లాను. దారిలో పనుండి వెళ్లాను, అంతే.

ఒకటే గది. గోడకు అవతల ప్రింటింగ్ ప్రెస్సు. ఆ మిషను తిరుగుతుంటే గూట్లో గిన్నెలు కూడా వణుకుతున్నాయి. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. ఆ రొదలో దొరగారు నేల మీద కాళ్లూ చేతులూ బార్లా చాపి నిద్రపోతున్నాడు. వాళ్లమ్మ అప్పుడే పనినుంచి వచ్చింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని. సోడా నీళ్లకు వేళ్ల చివరలు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. తండ్రి లారీ మీద తిరుగుతాడట, వచ్చినప్పుడు వస్తాడట.

"నాకు మాత్రం ఇష్టమా టీచరమ్మా" అంది. "వీణ్ణి ఎవరి దగ్గర వదలను? ఆస్పత్రిలో పిల్లల గది ఉంది గాని రెండేళ్లు నిండితే గాని తీసుకోరు. వీడికి ఎండాకాలానికి నిండుతాయి. అందాకా ఇదే చూసుకోవాలి."

"మార్చిలో పెద్దబడి పరీక్ష ఉంది. రాసిందంటే సీటు దీనిదే. పన్నెండో తరగతి దాకా సర్కారే చదివిస్తుంది, ఇక చూసుకోనక్కర్లేదు."

"వచ్చే ఏడు రాస్తుంది లెండి."

"వచ్చే ఏడు రాయనివ్వరమ్మా. ఐదులో ఉన్నప్పుడే రాయాలి. అదీ బడికి సరిగ్గా వచ్చినవాళ్లనే రాయనిస్తారు."

ఆవిడ పిల్ల వైపు చూసి, పిల్లాడి వైపు చూసి, తన చేతులు చూసుకుంది. ఆరిందా మాత్రం, "టీచర్‌కి మంచినీళ్లియ్యమ్మా, మొహం చూడు ఎట్లా వాడిపోయిందో" అంది. దాని పుస్తకం తీసి చూశాను. బడికి రాని రోజుల లెక్కలన్నీ పక్కింటి పిల్లనడిగి చేసేసుకుంది. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయేమిటంటే, "వాడు ఒళ్లో ఉంటే వాడి వీపు మీద పెట్టి రాస్తాను టీచర్, వాడు కదుల్తాడు కదా" అంది.

"రేపు వాణ్ణి తీసుకునే రా" అన్నాను.

"మరి హెడ్మాస్టారు?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

వీధిలోకి వచ్చాక గాని తెలియలేదు, ఆయన సంగతి ఎలా చూసుకోవాలో నాకు తెలీదని.

ఆగస్టు 21

హెడ్మాస్టారితో పోట్లాట. ఆయన క్రమశిక్షణ అన్నారు, నేను ఖాళీ బెంచీలన్నాను. ఆయన రూల్సన్నారు, నేను ఆడపిల్లల హాజరు చూడమన్నాను. చివరికి, "చప్పుడు బయటికి రాకూడదు. వచ్చిందా, అంతే సంగతులు" అన్నారు. ఆయన మంచివాడే. గుమ్మందాకా వచ్చి గుడ్లురుముతాడు గాని లోపలికి రాడు.

క్లాసు వెనక చాపలు పరిచాను. పిల్లలందరికీ చెప్పాను: గుసగుసగా మాట్లాడాలి, మునివేళ్ల మీద నడవాలి, పెన్సిలు కింద పడకూడదు. పసివాళ్లు హాయిగా పడుకోవాలి.

ఆగస్టు 22

తలప్రాణం తోకకొచ్చింది.

ఆగస్టు 26

ఒకడు లేస్తే అందరూ లేస్తారు. మేం ఎంత మెల్లగా ఉంటే వాళ్లంత గట్టిగా ఏడుస్తున్నారు. ఇవాళ బోర్డు మీద అక్షరం కూడా రాయలేదు, సుద్ద కిరకిరకు లేస్తారని. ఐదో తరగతికి సైగలతో భిన్నాలు చెప్పిన టీచర్ను ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. దొరగారిని భుజాన వేసుకుని తిప్పీ తిప్పీ నడుం పట్టేసింది.

ఇంటికొస్తే అత్తయ్య మొహం చిట్లించి, "నీ మీద పాలవాసనేమిటే అమ్మాయ్?" అన్నారు. చెప్పాను. "పసిపిల్లల్ని ఎత్తుకోవడం నీకేం తెలుసు" అన్నారు.

అనేశాక ఆవిడే నాలుక్కరుచుకున్నారు. నేను పళ్లెం తీసుకుని లేచాను. ఆయన పేపరు మరో పేజీ తిప్పారు.

ఇరవై ఏళ్లుగా ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆగస్టు 27

మధ్యాహ్నం క్లాసు గుమ్మంలో అత్తయ్య! బస్సెక్కి, రెండు చోట్ల దారి అడుక్కుని వచ్చారట. చేతిలో కళ్లజోడు.

"కళ్లజోడు మర్చిపోయావు. అది లేందే నీకు కనబడదుగా."

నా కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఆవిడ తెచ్చింది పాతది, ఎప్పుడో పక్కన పడేసిన జత. ఆ సంగతి ఇద్దరికీ కనబడుతూనే ఉంది. నేను పాతది తీసుకుని, ముక్కు మీదిది తీసి, పాతది పెట్టుకున్నాను. ఏమీ కనబడలేదు. "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది" అన్నాను. ఆవిడ వెళ్లి చాప మీద కూర్చుని దొరగారిని ఒళ్లోకి తీసుకున్నారు. సాయంత్రందాకా లేవలేదు.

దొరగారు సాయంత్రందాకా ఏడ్చాడనుకోండి, అది వేరే సంగతి.

ఆగస్టు 30

ఇవాళ జరిగింది రాసి తీరాలి.

బడి ముందు రోడ్డు తవ్వడం మొదలుపెట్టారు. పెద్ద డ్రిల్లింగు మిషను, చెవులు చిల్లులు పడేంత చప్పుడు. నేను నెత్తిన చేయి పెట్టుకున్నాను. ఇక ఈ పసివాళ్లను ఆపడం ఎవరి తరమూ కాదనుకున్నాను. చూద్దునుగదా, దొరగారు ఆవులించాడు. కళ్లు మూతలు పడ్డాయి. పక్కనున్న చంటిది వాడి మీద కాలేసి పడుకుంది. డ్రిల్లింగు ఆగేవరకూ చాప మీద ఒక్కరు కదిలితే ఒట్టు! మిషను ఆగింది, దొరగారు లేచాడు, ఏడుపు లంకించుకున్నాడు.

నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్రెస్సు గోడ పక్కన పుట్టిన పిల్లాడు వాడు. మిగతావాళ్లకైనా ఒక పక్క వెల్డింగు, ఇంకో పక్క బస్సుల డిపో. చప్పుడుంటే అమ్మ పక్కనున్నట్టు వాళ్లకు. మాట వినబడకపోతేనే భయం. నేను వారం రోజులుగా క్లాసంతటి నోరూ కట్టేసి, వాళ్ల గుండెలవిసేలా భయపెడుతున్నానన్నమాట.

"ఎక్కాలు చదవండిరా" అన్నాను. "గట్టిగా!"

ఎవరూ నోరు తెరవలేదు. ఎప్పుడూ ఊరుకోమనే టీచరు అరవమంటే నమ్మడమెలా? చివరికి ఆరిందా లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏడో ఎక్కం అందుకుంది. రెండో వరసకల్లా క్లాసంతా కలిసింది. ఎనిమిది, తొమ్మిది, పన్నెండు. కిటికీ అద్దాలు అదిరాయి. చాప మీద దొరగారు గురక పెడుతున్నాడు.

హెడ్మాస్టారు చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చి, చాప చూసి, నన్ను చూసి, తల పట్టుకుని వెళ్లిపోయారు.

ఇంటికెళ్లాక అత్తయ్య ఆయనతో, "చప్పుడు చేస్తే పడుకుంటారని నేనే చెప్పాను. నీ పెళ్లానికెక్కడ తోస్తుంది" అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను.

సెప్టెంబరు 18

ఇప్పుడు మా క్లాసులో అన్నీ పైకే చదువుతాం. నదులు, సంధులు, భిన్నాలు, పక్షుల్లో రకాలు. గోడకు నక్కి ఒక్క ముక్కా మాట్లాడని పిల్లలకు గొంతులొచ్చాయి. పది మందిలో కలిసి అరిచేటప్పుడు తప్పు చెప్పినా ఎవరికీ తెలీదు కదా, ఆ ధైర్యంతో అరుస్తున్నారు. అరిచీ అరిచీ ఒప్పు చెప్పడం మొదలుపెట్టారు. అక్కలందరూ వెనక్కొచ్చేశారు.

అత్తయ్య రోజూ వస్తున్నారు. నేను రమ్మనలేదు. బస్సు దిగేటప్పుడు చెయ్యందిస్తాను, అంతే. పిల్లలంతా ఆవిణ్ణి అమ్మమ్మ అంటున్నారు.

అక్టోబరు 5

పొద్దున్నే వంటింట్లోంచి పదమూడో ఎక్కం. ఆయన పేపరు దించి, "ఎవరది?" అన్నారు. పెళ్లయ్యాక ఆయన పేపరు తనంతట తాను దించడం నేను చూసిన రెండు మూడు సందర్భాల్లో ఇదొకటి.

"మీ అమ్మ" అన్నాను.

"పదమూడు ఎనిమిదులు నూట నాలుగు" అన్నారు లోపల్నుంచి అత్తయ్య. "సరేనా అమ్మాయ్?"

సరే.

అక్టోబరు 24

ఆరిందా తల్లికి పని ఆలస్యమైంది. దొరగారిని మేమే వాళ్లింటి దాకా తీసుకెళ్దామని బస్టాపులో నిలబడ్డాం. ఆరిందా మా సంచులు మోస్తూ పక్కన. బెంచీ మీద ఒక పెద్దావిడ వాడి బుగ్గ గిల్లి, "మనవడా?" అని అడిగింది అత్తయ్యను.

అత్తయ్య నా వైపు చూడలేదు. "ఆఁ" అన్నారు.

బస్సొచ్చింది. ఎక్కాం.

నవంబరు 14

తనిఖీ ఆఫీసరు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. ఆయన లోపలికి అడుగుపెట్టగానే, మర్యాద తెలిసిన పిల్లలు కదా నా పిల్లలు, లేచి నిలబడి నోళ్లు మూసేశారు. అంతే. చాప మీద దొరగారు లేచాడు. తర్వాత ఏమైందో వేరే చెప్పాలా?

"ఇది బడా, పురిటి గదా?" అన్నాడు.

నేను గబగబా చాప సర్దబోయాను. అత్తయ్య మాత్రం పిల్లాణ్ణి భుజాన వేసుకుని ముందుకొచ్చి, "నువ్వలా కూర్చో నాయనా. మీరు మొదలుపెట్టండర్రా" అన్నారు. పిల్లలు ఆయన మొహం మీదే పదహారో ఎక్కం పాడేశారు. చాప మీద పసివాళ్లు పడుకున్నారు. ఆయన ఆరిందాను లేపి ఏవో అడిగాడు. చెప్పింది. ఇంకోటి అడిగాడు. చెప్పి, "ఇంకొంచెం కష్టంది అడగండి సార్, మొహమాటపడకండి" అంది. ఆయన మీసాల్లో నవ్వుకోవడం నేను చూశాను.

వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "టీచర్ చేతిలో పసిపిల్లాడుండటానికి వీల్లేదు. రేపు ఏదైనా జరిగితే మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. వరండా గదిలో పెట్టండి. పెద్ద మనిషి ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. అట్లా ఉంటే నేనేం చూడలేదు. లేని రోజున ఆపించేస్తాను."

"నేనున్నానుగా" అన్నారు అత్తయ్య.

"మీరెవరమ్మా?"

"ఈవిడ అత్తగారిని."

"ఎప్పటిదాకా ఉంటారు?"

అత్తయ్య నా వైపు చూశారు. నేను బోర్డు తుడవడం మొదలుపెట్టాను. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

డిసెంబరు 11

ఆరిందా పాత పరీక్ష పేపర్లన్నీ చేసేస్తోంది. సీటు ఖాయం. రాయాలంతే.

జనవరి 8

జనవరి వచ్చేసింది. అత్తయ్య ఏమీ అనడం లేదు. నేనూ అనడం లేదు. ఆవిడకే తోచి, ఉంటానంటే బాగుంటుంది. మరిది వాళ్లేమైనా అనుకుంటే? వాళ్ల వంతు వాళ్లది. అయినా అడగడానికి ఏముంది, ఆవిడకు తెలీదా పరీక్ష మార్చిలో అని?

జనవరి 22

ట్రంకు పెట్టె దులిపి గాలికి పెట్టారు. "ఎండగా ఉంది కదా" అన్నారు.

"అవును, ఎండగానే ఉంది" అన్నాను.

ఫిబ్రవరి 1

మరిది వచ్చాడు. "ఇక మా వంతు వదినా." పెట్టె ఎక్కించాడు. అత్తయ్య చెప్పులేసుకుని, గుమ్మంలో కాసేపు నిలబడి, ఒక చెప్పు విప్పి, దులిపి, మళ్లీ వేసుకున్నారు. నేను, "జాగ్రత్తగా వెళ్లిరండి అత్తయ్యా" అన్నాను. ఇన్నేళ్లుగా అంటున్న మాటే.

ఆయన చాలాసేపు రోడ్డు మీదే నిలబడి లోపలికొచ్చారు. పేపరు తీయలేదు.

ఫిబ్రవరి 4

వరండా గదికి మనిషి దొరకలేదు. అడగని వాళ్లు లేరు. ఖాళీగా ఉన్న ముసలివాళ్లకు ఓపిక లేదు, ఓపిక ఉన్నవాళ్లకు పని ఉంది. హెడ్మాస్టారు నా మొహం చూడకుండా, "ఇక ఆపాలమ్మా" అన్నారు. ఆపాం.

ఫిబ్రవరి 6

ఆరిందా రాలేదు.

ఫిబ్రవరి 8

మరిది ఇంటికెళ్లాను. పెద్ద బాల్కనీ, పూలకుండీలు. తోటికోడలు మర్యాదగానే కూర్చోబెట్టింది. అత్తయ్య కుర్చీలో ఉన్నారు, టీవీ చూస్తూ. టీవీలో ఏదో నడుస్తోంది గాని ఆవిడ చూడటం లేదు.

"అత్తయ్యా, పరీక్షదాకా మా ఇంటికి రావాలి మీరు. పిల్లలు రావడం మానేశారు. హాజరు పోతే పరీక్షకు కూర్చోనివ్వరు."

"ఎవరి కోసం రమ్మంటున్నావు?"

"బడి కోసం."

ఆవిడ టీవీ వైపు తిరిగారు. "బడి కోసమైతే ఆయాను పెట్టుకో."

"అది కాదు అత్తయ్యా..."

"చూడమ్మాయ్. నేను వంతుల మీద బతికేదాన్ని. ఎవరి వంతు వస్తే వాళ్లింట్లో దిగుతాను, అయిపోతే పెట్టె సర్దుకుంటాను. నోరు తెరిచి ఎవర్నీ ఏమీ అనను. వంతు కానప్పుడు ఒకరి గుమ్మం తొక్కాలంటే మాత్రం నన్ను పిలవాలి. పనిని కాదు."

కోపమొచ్చింది. అంత మాట అనాలా? పిల్ల చదువు ముందా, ఈవిడ పట్టింపు ముందా? తోటికోడలిచ్చిన టీ తాగకుండానే వచ్చేశాను. ఆవిడ లేకపోతే బడి ఆగిపోతుందా? నేనే చూసుకుంటాను.

ఫిబ్రవరి 12

సాయంత్రాలు ఆరిందా ఇంటికే వెళ్లి చెబుతున్నాను. ప్రెస్సు చప్పుడులో గొంతు పోయింది. దొరగారు బాగా నిద్రపోతున్నాడు. చదువూ బాగానే సాగుతోంది. కానీ హాజరు ఎవరు వేస్తారు? తల్లి నన్ను చూడగానే గిన్నెలు తోమడానికి బయటికి పోతోంది. నా మొహం చూడలేక.

"బెంగ పెట్టుకోకండి టీచర్" అంది ఆరిందా. "నాకు అన్నీ వచ్చుగా. పరీక్ష రాయకపోతే ఎక్కడికి పోతుంది వచ్చింది?"

ఆ పిల్ల ఓదారుస్తుంటే నేను ఊరుకోవాల్సి వచ్చింది. పదేళ్ల పిల్ల తన చేతిలోంచి జారిపోతున్న దాని గురించి నాకు ధైర్యం చెబుతోంది.

ఫిబ్రవరి 15

గరిటెల డబ్బా ఇంకా కిటికీ దగ్గరే ఉంది. ఇన్ని రోజులుగా నా చెయ్యి అక్కడికే పోతోంది. పాత చోటికి మార్చాలని గుర్తే రాలేదు.

ఫిబ్రవరి 16

సాయంత్రం ఇంటికొచ్చి, హాజరు సంగతి కనుక్కోబోతే పెద్దబడి గుమాస్తా నన్ను కసిరిన ముచ్చట చెప్పాలని వంటింట్లోకి వెళ్లాను. ఎవరూ లేరు. ఆయనకు చెప్పాను. "ఊఁ" అన్నారు. అత్తయ్యయితే, "అదేం మనిషే! నువ్వేమన్నావు? అంతేనా? ఇంకో నాలుగు దులపాల్సింది" అని ఉండేవారు.

పిల్ల కోసమేనని ఇన్నాళ్లూ రాసుకుంటున్నాను. పిల్ల కోసం కూడాను. కాని ఇవాళ, ఈ ఇంట్లో, నాకే ఆవిడ కావాలి. ఇది రాయడానికి ఇంతసేపు పట్టిందేమిటో.

ఫిబ్రవరి 17

మళ్లీ వెళ్లాను. బడికి సెలవు పెట్టి మరీ వెళ్లాను. తోటికోడలు తలుపు తీసింది. అత్తయ్య అదే కుర్చీ. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని.

"మీరు వచ్చేయండి అత్తయ్యా. మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు. ఇంటికొస్తే మాట్లాడే మనిషి లేదు. నాకు బాగాలేదు."

"బడి సంగతో?"

"బడి సంగతి నాకు తెలీదు. మీరు బడికి రాకపోయినా సరే. ఇంటికి రండి."

నాకు ఏడుపొచ్చేసింది, తోటికోడలి ముందే. అత్తయ్య మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచారు.

"ఈ ముక్క మొన్ననే అని ఉంటే ఆ దొరగారికి ఇన్నాళ్ల ఏడుపు తప్పేదిగా" అన్నారు. తర్వాత తోటికోడలితో, "నువ్వేమీ అనుకోకమ్మా, నీ మీద కోపంతో కాదు. నన్ను పిలిచింది" అన్నారు.

ట్రంకు పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని బస్సులో పక్క పక్కన కూర్చున్నాం. దారంతా ఆవిడ ఇన్నాళ్లలో మరిది ఇంట్లో ఏమేం జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతూనే ఉన్నారు. సగం నాకు వినబడలేదు. బస్సు చప్పుడు.

ఇంట్లో ఆయన అమ్మను చూసి, "ఇప్పుడు మన వంతు కాదుగా?" అన్నారు.

"ఇక వంతుల్లేవు" అన్నాను. "ఎక్కడుండాలని ఉంటే అక్కడుంటారు. మీ తమ్ముడికి కూడా చెప్పేయండి."

ఆయన ట్రంకు పెట్టె లోపలికి మోసుకెళ్లారు. మోస్తూ ముక్కు ఎగబీల్చుకున్నారు. జలుబు అన్నారు.

ఫిబ్రవరి 18

కబురందగానే వరండా గది నిండింది. ఆరిందా గుమ్మంలోకి వస్తూనే దొరగారిని అత్తయ్య ఒళ్లో పడేసి, "ఎక్కడికెళ్లిపోయావు అమ్మమ్మా, టీచర్ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అని చాడీలు చెప్పింది. ఈ పిల్లకు అన్నీ ఎలా తెలుస్తాయో! పదిహేడో ఎక్కం అందుకున్నాం. హెడ్మాస్టారు తన గది తలుపు మూసుకున్నారు. తర్వాత వచ్చి హాజరు పట్టీ అడిగి చూసి, "సరిపోతుందిలే, అంచు మీద ఉంది గాని సరిపోతుంది" అన్నారు. వెళ్లి వరండా గదిలోకి తొంగి చూసి వచ్చారు.

మార్చి 9

పరీక్ష రాసింది.

ఏప్రిల్ 6

పెద్దబడి గేటు దగ్గర ఫలితాలు అంటిస్తారని అందరం వెళ్లాం. నేను, అత్తయ్య, ఆరిందా తల్లి సెలవు పెట్టి మరీ, ఆరిందా చంకలో దొరగారు. గేటు ముందు జనం. "వాడు నలిగిపోతాడే, ఇటియ్యి" అని నేనే వాణ్ణి తీసుకున్నాను. ఆరిందా జనం కాళ్ల మధ్యలోంచి దూరి వెళ్లింది.

ఎంతకీ రాదు. తల్లి పెదాలు కదుపుతూ నిలబడింది. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు, పట్టుకున్న సంగతి ఆవిడకు తెలిసినట్టు లేదు.

ముందు అరుపు వినబడింది. ఆ గొంతు ఎవరిదో మా ముగ్గురిలో ఎవరూ అడగక్కర్లేదు. మా క్లాసులో అరిచీ అరిచీ తేలిన గొంతు. తర్వాత ఆరిందా జనంలోంచి ఊడిపడింది. తల్లి అక్కడే, రోడ్డు మీదే, చతికిలబడి ఏడ్చేసింది. అత్తయ్య ఆవిణ్ణి లేవదీస్తూ తానూ ఏడ్చారు. నా సంగతి రాయను.

ఆరిందా మా దగ్గరికొచ్చి ఆగింది. నేను అలవాటుగా దొరగారిని దాని వైపు చాపాను. వాడూ చేతులు చాపాడు. ఆ పిల్ల వాణ్ణి చూసింది, నన్ను చూసింది, తీసుకోలేదు. వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న ఆ పెద్దబడి మైదానంలోకి పరిగెత్తింది. చేతులు రెండూ బారచాపి, ఆ చివర గోడదాకా వెళ్లి, గోడను కొట్టి, మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఏడాది పొడుగూ నా కళ్ల ముందే తిరిగిన పిల్ల. అది పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

దొరగారు అక్క కోసం ఏడుపు లంకించుకున్నాడు. "ఊరుకోరా" అన్నారు అత్తయ్య వాడితో. "అక్క ఆడుకుంటోంది."